నెలకు 135 రూపాయల ఈఎస్‌ఐ కోత

నెలకు 18,000 రూపాయల జీతమున్న ఒక కార్మికుడి పే స్లిప్‌లో రెండు కోతలు పక్కపక్కనే కనిపిస్తాయి. పీఎఫ్ కింద, చట్టం పెట్టిన 15,000 రూపాయల వేతన పరిమితి మీద 12 శాతం లెక్కన, 1,800 రూపాయలు పోతాయి. ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా కింద, మొత్తం జీతం మీద 0.75 శాతం లెక్కన, 135 రూపాయలు పోతాయి. ఒకే వరుసలో అచ్చు కావడం వల్ల ఈ రెండూ ఒకే కోవకు చెందినవని చాలామంది అనుకుంటారు. పరిశ్రమల్లో జీతాల లెక్కలు చూసే పనిలో చాలాకాలం ఉన్న నాకు తరచుగా ఎదురైన ప్రశ్న కూడా అక్కడినుంచి పుట్టిందే. "పీఎఫ్ డబ్బు ఎప్పటికైనా చేతికొస్తుంది సార్, మరి ఈ ఈఎస్‌ఐ డబ్బు ఎప్పుడొస్తుంది?" అని అడిగేవారు. రాదు అని చెప్పడం అబద్ధం కాదు గాని, అది సగం జవాబే. మిగిలిన సగం చెప్పాలంటే ఆ 135 రూపాయలు ఎక్కడికి వెళ్తాయో, వాటికి ఏమేమి తోడవుతాయో, ఏ షరతు మీద ఎవరికి చేరుతాయో చెప్పాలి.

ఈఎస్‌ఐ చందాలో కార్మికుడి వాటా కన్నా యజమాని వాటా నాలుగింతలకు పైమాటే. యజమాని తన వంతుగా 3.25 శాతం, అంటే 585 రూపాయలు కలిపి, మొత్తం 720 రూపాయలను మరుసటి నెల 15వ తేదీలోగా చలానా ద్వారా ఉద్యోగుల రాజ్య బీమా సంస్థకు జమ చేయాలి. సగటున రోజుకు 176 రూపాయలకు మించని వేతనం వచ్చేవారి నుంచి వారి వాటా వసూలు చేయరు, యజమాని వాటా మాత్రం తప్పదు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం కింద ఓవర్‌టైమ్ సొమ్ముది విచిత్రమైన స్థానం. కార్మికుడి జీతం ఈఎస్‌ఐ వర్తించే 21,000 రూపాయల పరిమితి దాటిందా లేదా అని చూసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు, చందా కోసేటప్పుడు మాత్రం తీసుకునేవారు. ఇలా దేశమంతటి నుంచీ వచ్చిన సొమ్ము ఒకే నిధిలో కలుస్తుంది. ఆ నిధిలో ఏ ఒక్కరి పేరిటా విడిగా నిల్వ ఉండదు, వడ్డీ పడదు. కార్మికుడి ఐపీ నంబరు (బీమాదారుగా అతని గుర్తింపు సంఖ్య) కింద సంస్థ భద్రపరిచేది అతని వేతనం ఎంత, ఎన్ని రోజుల వేతనంపై చందా జమ అయింది అన్న వివరాన్ని మాత్రమే.

హక్కంతా ఆ రోజుల లెక్క మీదనే నిలబడుతుంది. సంవత్సరాన్ని ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు, అక్టోబరు నుంచి మార్చి వరకు రెండు చందా కాలాలుగా విభజించారు. మొదటి కాలంలో కట్టిన చందాకు ప్రయోజనం మరుసటి జనవరి నుంచి జూన్ వరకు, రెండో కాలంలో కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు లభిస్తుంది. ఒక చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా ఉంటే, దానికి సంబంధించిన ప్రయోజన కాలంలో జబ్బుపడి పనికి రాలేని రోజులకు సగటు రోజు వేతనంలో 70 శాతం నగదుగా ఇస్తారు. ఇది సంవత్సరానికి 91 రోజుల వరకు వర్తిస్తుంది. మనం తీసుకున్న కార్మికుడి రోజు వేతనం 600 రూపాయలనుకుంటే, అతనికి రోజుకు 420 చొప్పున 91 రోజులకు 38,220 రూపాయలు వస్తాయి. ఆరు నెలల్లో అతని పేరిట ఇద్దరి వాటాలూ కలిపి జమ అయినది 4,320 రూపాయలు. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక జబ్బులకు, మరికొంత సర్వీసు షరతుపై, 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు ఇచ్చే ఏర్పాటు వేరే ఉంది. ప్రసూతికి 26 వారాల పాటు పూర్తి వేతనం ఇస్తారు. అదే 600 రూపాయల లెక్కన అది 1,09,200 రూపాయలు.

పనిలో ప్రమాదం జరిగితే ఈ 78 రోజుల షరతు కూడా లేదు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే యంత్రంలో చెయ్యి నలిగినా, కోలుకునే వరకు వేతనంలో 90 శాతం రావాలి. శాశ్వత వైకల్యం మిగిలితే సంపాదనా శక్తి ఎంత పోయిందో వైద్య మండలి నిర్ణయించి, దాని ప్రకారం జీవితాంతం నెలనెలా చెల్లిస్తారు. ప్రమాదంలో ప్రాణమే పోతే 90 శాతం వేతనాన్ని భార్యాపిల్లల మధ్య నిర్ణీత వాటాలుగా పంచుతారు. ఒక్క నెల చందా అయినా పూర్తిగా జమకాని మనిషి కుటుంబానికి దశాబ్దాల పాటు వెళ్లే ఆ సొమ్ము ఎక్కడిదంటే, ఏనాడూ ఆసుపత్రి గడప తొక్కని వేలాది మంది 135 రూపాయలదీ, వారి యజమానుల 585 రూపాయలదీ. నగదు ప్రయోజనాలు జీతానికి తగినట్టుగా ఉంటాయి గాని, వైద్యం అలా కాదు. 10,000 జీతగాడి తల్లికైనా 20,000 జీతగాడి తల్లికైనా ఆపరేషన్ ఒకటే, మందులు ఒకటే. చందా మాత్రం రెండోవాడు రెట్టింపు కడుతున్నాడు. చీటీ పాటలో ఎవరు వేసిన సొమ్ము వారికి ముందో వెనుకో తిరిగి రావాల్సిందే, లేకుంటే అది మోసం. ఇక్కడ నా సొమ్ము నాకు రాలేదంటే నేను ఆరోగ్యంగా ఉన్నానని అర్థం.

ఇటువంటి నిధి స్వచ్ఛందమైతే నిలవదు. ఇష్టమున్నవారే కట్టవచ్చంటే ముందుగా చేరేది ఇంట్లో రోగమున్నవారు, ప్రమాదకరమైన యంత్రాల దగ్గర పనిచేసేవారు. వయసులో ఉన్న ఆరోగ్యవంతులు తప్పుకుంటారు. ఖర్చు పెరిగి చందా పెంచితే కొంచెం ఆరోగ్యంగా ఉన్న మరికొందరు తప్పుకుంటారు. జీతం చేతికి రాకముందే, చట్టం ప్రకారం, అందరి దగ్గరా కోయడం వెనుక ఉన్న తర్కం ఇదే. పన్ను ద్వారా కాకుండా జీతం ద్వారా వసూలు చేయడంలో మరో సౌలభ్యం కూడా ఉంది. ఏటా బడ్జెట్‌లో ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడకుండా, పని సాగినంత కాలం నెలనెలా సొమ్ము దానంతట అదే వస్తుంది.

ఈ ఏర్పాటు జాతీయ స్థాయిలోనే ఎందుకు ఉండాలో మనవాళ్లు మొదట్లోనే అనుభవపూర్వకంగా తెలుసుకున్నారు. 1943లో ప్రభుత్వం ఆచార్య బి.పి. అడార్కర్‌కు పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా పథకం రూపొందించే పని అప్పగించింది, 1944లో ఆయన నివేదిక ఇచ్చారు. 1948లో చట్టం వచ్చింది. అమలు మాత్రం వెంటనే జరగలేదు. కాన్పూర్, ఢిల్లీలలో మొదలుపెట్టాలని నిర్ణయించగానే అక్కడి మిల్లు యజమానులు అభ్యంతరం చెప్పారు. తమ గుడ్డకు మాత్రమే ఈ చందా భారం తోడైతే, ఆ భారం లేని ఊళ్ల మిల్లులతో బజారులో ఎలా పోటీ పడగలమన్నది వారి వాదన, అందులో న్యాయం లేకపోలేదు. చివరకు 1951లో చట్టాన్ని సవరించి, పథకం ఇంకా చేరని ప్రాంతాల యజమానులు కూడా తక్కువ రేటున ప్రత్యేక చందా కట్టేలా ఏర్పాటు చేశాక, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. ఆయననే మొదటి గౌరవ బీమాదారుగా నమోదు చేశారు.

యజమాని వాటా నిజంగా యజమానిదేనా అన్నది నన్ను ఎప్పుడూ తొలిచే ప్రశ్న. తన వాటాను కార్మికుడి జీతం నుంచి యజమాని కోయరాదని చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. ఉద్యోగంలో ఉన్నవాడి జీతం నుంచి అలా కోస్తే అది నేరం. కాని కొత్తగా చేరేవాడికి ఇచ్చే ఆఫర్ లెటర్‌లో సీటీసీ అనే ఒక మొత్తం చూపించి, అందులోనే యజమాని పీఎఫ్ వాటా, ఈఎస్‌ఐ వాటా కలిపి ఉంచడం ఇప్పుడు దాదాపు ఆనవాయితీ అయిపోయింది. కంపెనీ మొదట మనిషికి ఎంత ఖర్చు పెట్టగలదో నిర్ణయించుకుని, అందులోంచి తన చందాలు తీసేసి, మిగిలినదాన్ని జీతమని పిలుస్తుంది. ఆ లెక్కన 585 రూపాయలు కూడా కార్మికుడి శ్రమ ఫలితమే, అతని చేతికి రాకుండా పక్కదారిన నిధికి వెళ్తోంది, అంతే. ఆర్థికవేత్తల్లో చాలామంది దీర్ఘకాలంలో యజమాని వాటాలో ఎక్కువ భాగం జీతాల్లోనే సర్దుబాటు అవుతుందంటారు. కనీస వేతనం దగ్గర పనిచేసేవారి విషయంలో మాత్రం ఆ మాట పూర్తిగా వర్తించదు, ఎందుకంటే వారి జీతాన్ని అంతకంటే కిందికి నెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఏమైనా, "యజమాని మనకోసం కడుతున్నాడు" అన్న కృతజ్ఞత కంటే "ఇది మన జీతంలోని భాగం" అన్న ఎరుకే కార్మికుడికి మేలు చేస్తుంది.

ఆ ఎరుక ఎక్కడ పనికొస్తుందంటే, కోసిన చందా జమ కానప్పుడు. సరుకు అమ్ముడుపోక, బిల్లులు రాక, సొమ్ముకు ఇబ్బంది పడిన చిన్న యజమాని ముందుగా ఆపేది కరెంటు బిల్లు కాదు, ఎందుకంటే కరెంటు వాళ్లు వచ్చి తీగ తెంపుతారు. చందా ఆపితే వెంటనే ఏమీ జరగదు. అటువంటి చోట నేను కూడా పనిచేశాను, పే స్లిప్‌లో కోత పడుతూనే ఉండేది, చలానా మాత్రం నెలల తరబడి కదిలేది కాదు. చట్టం దృష్టిలో ఇది మామూలు బాకీ కాదు. కార్మికుడి జీతం నుంచి కోసిన వాటా యజమాని చేతిలో ఉన్న అప్పగింత సొమ్ము, దాన్ని జమ చేయకపోతే అది నమ్మకద్రోహ నేరం కిందికి వస్తుంది. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. యజమాని కట్టకపోవడం వల్ల కార్మికుడికి ప్రయోజనం తప్పిపోతే, సంస్థే ముందుగా చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టే అధికారం కూడా చట్టంలో ఉంది. చాలామంది కార్మికులకు ఈ చివరి సంగతి తెలియదు, డిస్పెన్సరీ కిటికీ దగ్గర "మీ చందా పడలేదు" అన్న మాట వినగానే వెనుదిరిగి వస్తారు.

ఇప్పటిదాకా పీఎఫ్‌ను సొంత పొదుపుగానే చెప్పాను. అది కూడా పూర్తి నిజం కాదు. కార్మికుడి 1,800 రూపాయలు మొత్తంగా అతని సొంత ఖాతాకే వెళ్తాయి. యజమాని కట్టే 1,800 మాత్రం రెండుగా చీలుతుంది. అందులో 8.33 శాతం లెక్కన 1,250 రూపాయలు 1995 నవంబరు 16 నుంచి అమల్లో ఉన్న ఉద్యోగుల పెన్షన్ పథకానికి, మిగిలిన 550 సొంత ఖాతాకు పోతాయి. కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం, అంటే 174 రూపాయలు, పెన్షన్ నిధికి కలుపుతుంది. పాస్‌బుక్‌లో పెన్షన్ చందాకు వేరే గడి ఉంటుంది, దాని పక్కన వడ్డీ ఎందుకు పడటం లేదని ఫిర్యాదు చేసేవారిని చాలామందిని చూశాను. ఈఎస్‌ఐ లాగే అది కూడా ఉమ్మడి నిధి కాబట్టి పడదు. ఒక్క నెల చందా కట్టి సర్వీసులో ఉండగా మరణించిన సభ్యుడి భార్యకు కూడా నెలనెలా పెన్షన్, ఇద్దరు పిల్లలకు 25 ఏళ్ల వయసు వరకు అందులో పావు వంతు చొప్పున ఇచ్చే పథకమది. ఆ హామీకి మూల్యం దీర్ఘకాలం బతికి, దీర్ఘకాలం కట్టిన మిగతావారి చందాల నుంచే రావాలి.

పెన్షన్ ఎంత వస్తుందన్నది నిధిలో ఎంత కట్టామన్నదాన్ని బట్టి కాక ఒక సూత్రాన్ని బట్టి తేలుతుంది. చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. వేతనానికి గరిష్ఠ పరిమితి ఉంది. 2014 సెప్టెంబరులో 6,500 నుంచి 15,000కు పెరిగిన ఆ పరిమితి, ఆ తర్వాత పదేళ్లు దాటినా కదలలేదు. దాని ప్రకారం 15,000 వేతనంపైనే 30 ఏళ్ల సర్వీసు మొత్తం గడిపి 58వ ఏట విరమించినవారికి, 20 ఏళ్లు దాటినందుకు కలిపే రెండేళ్లతో సహా లెక్క వేసినా, నెలకు 6,857 రూపాయలు వస్తాయి. కరువు భత్యం ఉండదు, ఆ అంకె జీవితాంతం అలాగే ఉంటుంది. పాత పరిమితుల కాలంలో పనిచేసి విరమించినవారిలో 1,000 రూపాయల కనీస పెన్షన్ దగ్గర ఉన్నవారు ఎందరో. వారు 7,500 రూపాయలూ, దానిపై కరువు భత్యమూ కావాలని ఏళ్ల తరబడి ఆందోళన చేస్తున్నారు. వారి బాధ నిజమైనది. అయితే 6,500 మీద 541 రూపాయలు కట్టించుకున్న నిధి ఆ మొత్తాన్ని తన చందాల నుంచి ఇవ్వలేదు. ఇవ్వాలంటే ఖజానా నుంచి తేవాలి, లేదా ఇప్పుడు పనిచేస్తున్నవారి చందా పెంచాలి. పరిమితిని తక్కువగా ఉంచి యజమానుల మీద భారం తగ్గించిన ప్రతి సంవత్సరమూ నేటి 1,000 రూపాయల పెన్షన్‌ను తయారు చేసింది. ఈ సంగతి ఎన్నికల సభల్లో ఎవరూ చెప్పరు.

2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన అధిక పెన్షన్ తీర్పు తర్వాత సొంత ఖాతాకూ ఉమ్మడి నిధికీ ఉన్న ఈ తేడా చాలామందికి మొదటిసారిగా తెలిసివచ్చింది. పూర్తి జీతం మీద పెన్షన్ కావాలంటే, గతంలో పూర్తి జీతంపై కట్టి సొంత ఖాతాలో చేరిన యజమాని వాటాలోంచి 8.33 శాతాన్ని వడ్డీతో సహా తీసి ఉమ్మడి నిధికి అప్పగించాలి. కొందరికి అది లక్షల్లో తేలింది. ఆ సొమ్ము సొంత ఖాతాలో ఉంటే పిల్లలకు వారసత్వంగా చేరుతుంది, ఉమ్మడి నిధికి వెళ్తే తనకూ తన భార్యకూ బతికినంత కాలం పెన్షన్‌గా వస్తుంది. అది ఎంతకాలం బతుకుతామన్న ప్రశ్నగా మారడంతో, ఉద్యోగ సంఘాల గదుల్లో ఆ రోజుల్లో జరిగిన చర్చలు పెళ్లి సంబంధాల చర్చలకు ఏమాత్రం తీసిపోలేదు.

అమెరికాలో పనిచేసిన మనవాళ్లకు ఇదే సంగతి మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడి సోషల్ సెక్యూరిటీకి ఉద్యోగి 6.2 శాతం, యజమాని 6.2 శాతం కడతారు, 2025లో 1,76,100 డాలర్ల వరకు ఆ చందా వర్తించింది. ఆ సొమ్ములో అత్యధిక భాగం అదే సంవత్సరం అప్పటి వృద్ధులకు చెల్లింపుగా వెళ్లిపోతుంది. పెన్షన్ హక్కు రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని ఉండాలి. జర్మనీ, బెల్జియం వంటి దేశాలతో మనకున్న సామాజిక భద్రతా ఒప్పందం అమెరికాతో లేదు కాబట్టి, హెచ్1బీ వీసాపై ఆరేడేళ్లు పనిచేసి తిరిగి వచ్చినవారి చందా అక్కడి నిధిలో కలిసిపోతుంది, ఇక్కడి సర్వీసుతో కలిపి లెక్కించే వీలు లేదు.

మళ్లీ ఈఎస్‌ఐ దగ్గరకు వస్తే, దాని నిధికి వచ్చిన చిక్కు పెన్షన్ నిధికి వచ్చిన చిక్కుకు పూర్తిగా ఎదురుది. అక్కడ వచ్చేది చాలదు, ఇక్కడ వచ్చినది ఖర్చు కాదు. మిగులు పేరుకుపోయిందన్న కారణంతో 2019 జూలై 1 నుంచి మొత్తం చందాను 6.5 శాతం నుంచి 4 శాతానికి తగ్గించారు. మన కార్మికుడికి దానివల్ల నెలకు 180 రూపాయలు, అతని యజమానికి 270 రూపాయలు మిగిలాయి. నా అభిప్రాయంలో ఇది తప్పుడు వైద్యం. డబ్బు మిగలడానికి కారణం కార్మికులకు జబ్బులు తగ్గడం కాదు, జబ్బుపడినవాడికి దగ్గర్లో వైద్యం అందకపోవడం. హైదరాబాద్‌లో ఉన్నవారికి సనత్‌నగర్ ఆసుపత్రి ఉంది. జిల్లాల్లో మిల్లులో పనిచేసేవాడికి డాక్టరు లేని డిస్పెన్సరీ, రెఫరల్ లెటర్ కోసం తిరుగుడు, అందుకుగాను పోయే కూలి మిగులుతాయి. అతను జబ్బు రోజుకు వచ్చే ఆ 420 రూపాయల లెక్క వేసుకుని ప్రైవేటు ఆసుపత్రికి పోతాడు, నిధిలో మరికొంత మిగులు చేరుతుంది.

వైద్యం అందించే బాధ్యత చాలావరకు రాష్ట్రాల చేతిలో ఉంది. ఖర్చులో ఎనిమిదో వంతు రాష్ట్ర ప్రభుత్వం, మిగిలినది సంస్థ భరిస్తాయి. ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చే సొమ్ము మీద రాష్ట్రానికి జాగ్రత్త తక్కువే. మందుల కొనుగోళ్లలో అవకతవకలపై 2019లో తెలంగాణలో, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో అవినీతి నిరోధక శాఖ కేసులు పెట్టి అరెస్టులు చేసినప్పుడు పత్రికలు దాన్ని ప్రభుత్వ సొమ్ము దుర్వినియోగం అని రాశాయి. నిజానికి అందులో ఎనిమిదింట ఏడు వంతులు పే స్లిప్పుల నుంచి వచ్చిన సొమ్ము.

21,000 రూపాయల పరిమితి 2017 జనవరి నుంచి ఉన్నది. ఏడాది మధ్యలో జీతం పెరిగి పరిమితి దాటినవాడు ఆ చందా కాలం ముగిసేవరకు లోపలే ఉంటాడు, దానికి సంబంధించిన ప్రయోజన కాలం వరకు హక్కు కొనసాగుతుంది, ఆపై బయటపడతాడు. 500 రూపాయల ఇంక్రిమెంటు వల్ల తల్లిదండ్రుల వైద్యం పోతుందని తెలిసి, పెంపును ఏదో ఒక భత్యం రూపంలో మార్చి ఇవ్వమని బతిమాలినవారు నాకు తెలుసు. పరిమితి కదలనంత కాలం సాపేక్షంగా ఎక్కువ చందా కట్టగలిగినవారే నిధి నుంచి జారిపోతుంటారు, మిగిలేది తక్కువ జీతాలవారు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ చట్టాలన్నిటినీ ఒకచోట చేర్చింది. భత్యాలు మొత్తం పారితోషికంలో సగానికి మించితే, మించిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలని అది చెబుతోంది. మూల వేతనాన్ని కావాలని తక్కువ చూపించి చందా తగ్గించుకునే పాత అలవాటుకు అది కొంత అడ్డుకట్ట. అసలు జీతమే లేని యాప్ డెలివరీ కుర్రాళ్ల విషయంలో మాత్రం దారి మారింది. కోయడానికి వేతనం లేదు కాబట్టి, వారిని పనిలో పెట్టుకునే కంపెనీల వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతాన్ని, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, ఒక నిధికి తీసుకుంటారు. చందా రేటు చట్టంలోనే ఉంది. ఆ చందాకు బదులుగా జబ్బుపడిన రోజుకు ఎంత ఇవ్వాలి, ఎన్ని రోజులు ఇవ్వాలి, ఎన్ని రోజుల పనికి హక్కు పుడుతుంది అన్న అంకెలు మాత్రం చట్టంలో లేవు, వాటిని ప్రభుత్వం ప్రకటించే పథకాలకు వదిలేశారు. 135 రూపాయలు కట్టే కార్మికుడు 78 రోజులు చూపించి 70 శాతం అడగగలడు. డెలివరీ కుర్రాడి చేతిలో అటువంటి అంకె ఒకటి పెట్టేవరకు, అతని పేరిట వసూలయ్యే సొమ్మును బీమా చందా అనడానికి నాకు నోరు రాదు.